పల్లె దేవాలయము, గుండ్రని కమాను: కిల్పెక్, షాబ్‌డన్ గ్రామముల నిర్మాణ చరిత్ర దివిసీమ సంఘములకు నేర్పునది

ఉపోద్ఘాతము

సంఘ చరిత్ర అనగానే మన వేదాంత కళాశాలలలో మహాసభలు, విశ్వాస ప్రమాణములు, సంస్కర్తలు, మిషనెరీల జీవితములు బోధింపబడును. అవి అవసరమే. అయితే సామాన్య విశ్వాసులు ఏ గోడల మధ్య కూర్చుండి ప్రార్థించారు, ఆ గోడలను ఎవరి చేతులు కట్టాయి, ఆ ఆకారములోనే ఎందుకు కట్టాయి అను ప్రశ్నలు మన పాఠ్యక్రమములో అరుదుగా వినబడును. పుస్తకములు వ్రాయని ప్రజలు విడిచిపోయిన సాక్ష్యము చాలాసార్లు గోడలోనే ఉన్నది.

ఈ వ్యాసములో మేము ఇంగ్లండు దేశపు పశ్చిమ సరిహద్దులోని రెండు పల్లె దేవాలయములను పరిశీలించదలచాము. ఒకటి నిలిచినది, రెండవది కూల్చబడినది. రెండును ఒకే కాలమువి, ఒకే శిల్పుల సంప్రదాయమునకు చెందినవి. కృష్ణా నది సముద్రములో కలియు కోడూరు ప్రాంతములో సంఘసేవ చేయువారికి అంత దూరపు పల్లెలతో పని ఏమి అని పాఠకులు అడుగవచ్చు. మన డెల్టా గ్రామములలో ఈనాడు పాత దేవాలయములను పడగొట్టి కాంక్రీటు మందిరములు కట్టుట సర్వసాధారణమైనది. ఆ నిర్ణయము తీసుకొనుటకు ముందు సంఘము ఏమి ఆలోచించవలెనో ఈ రెండు పల్లెల కథ స్పష్టముగా చూపించుచున్నది. అందుకే ఈ ప్రయత్నము.

1. రోమనెస్క్ అనగానేమి?

సుమారు క్రీ.శ. 1000 నుండి 1150–1200 వరకు పశ్చిమ ఐరోపాలో వాడుకలో ఉన్న నిర్మాణ శైలికి రోమనెస్క్ అని పేరు. కట్టినవారికి ఈ పేరు తెలియదు. 19వ శతాబ్దపు ఆరంభములో పండితులు, పాత రోమా కట్టడములలోని గుండ్రని కమాను వీటిలో మరల కనిపించుట చూచి ఆ పేరు పెట్టారు. ఇంగ్లండులో ఇదే శైలిని, 1066లో ఆ దేశమును జయించిన నార్మనుల పేరుతో, నార్మన్ శైలి అని కూడ పిలుతురు.

దీని లక్షణములు మూడు మాటలలో చెప్పవచ్చు: గుండ్రని కమాను, మందమైన గోడ, చిన్న కిటికీ. ఈ మూడును ఒకదానికొకటి సంబంధించినవే. కమానులోని ప్రతి రాయి తన ప్రక్క రాతిని నెట్టును. పైభారము క్రిందికి మాత్రమే దిగక, ఇరుప్రక్కలకు కూడ తోయును. ఆ తోపును ఆపుటకు గోడ మందముగా ఉండవలెను. గోడకు పెద్ద రంధ్రములు చేసినచో దాని బలము తగ్గును గనుక కిటికీలు చిన్నవి. అందుచేత లోపల చీకటి, చల్లదనము, నిశ్శబ్దము. తరువాత వచ్చిన గోతిక్ శైలి మొనదేలిన కమానుతోను, వెలుపలి ఊత గోడలతోను ఈ కష్టమును దాటి గోడలను పలుచన చేసి, పెద్ద రంగు అద్దములకు చోటిచ్చినది. మెదక్ మహాదేవాలయము (1924) ఆ గోతిక్ మార్గమును అనుసరించినది.

మన ప్రాంతమునకు అర్ధవృత్తాకారపు ఆరాధనా స్థలము క్రొత్త కాదు. నాగార్జునకొండలోని బౌద్ధ చైత్యములలో ఒక చివర గుండ్రముగా మలచబడిన ఇటుక కట్టడములు బయటపడినవి. చేజెర్లలోని కపోతేశ్వరాలయము ఏనుగు వీపు ఆకారములో నేటికిని నిలిచియున్నది. ఆరాధనలో మిక్కిలి పవిత్రమైన చోటును గుండ్రముగా చుట్టి కట్టవలెనను కోరిక ఒక మతమునకో ఒక ఖండమునకో చెందినది కాదు.

2. కిల్పెక్: నిలిచిన దేవాలయము

కిల్పెక్ హెరిఫర్డ్ పట్టణమునకు నైరుతిగా, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న పల్లె. నార్మనులు రాకముందే ఆ ప్రాంతములో వేల్స్ భాష మాట్లాడు క్రైస్తవులు ఉన్నారు. మరియకును, వేల్స్ దేశపు భక్తుడైన దావీదునకును అంకితమైన ఆ దేవాలయపు పేరులోనే రెండు ప్రజల జ్ఞాపకము కలిసియున్నది. మొదటి విలియం రాజు ఈ భూమిని తన అనుచరునికి ఇచ్చెను. ఆ వంశపువాడైన హ్యూ 1134లో కిల్పెక్ దేవాలయమును గ్లాస్టర్ మఠమునకు దానము చేసెను. నేడు మనము చూచు కట్టడము సుమారు 1140 నాటిదని చరిత్రకారుల అభిప్రాయము. ప్రక్కనే దొరగారి కోట దిబ్బ.

నిర్మాణము మిక్కిలి సరళమైనది. మూడు భాగములు వరుసగా ఉన్నవి: ప్రజలు కూర్చుండు సభాభాగము, దానికి తూర్పున బలిపీఠపు భాగము, ఆ చివర అర్ధవృత్తాకారపు గది. ఒకదానికంటె ఒకటి చిన్నది. పడమటి నుండి తూర్పునకు నడుచువాని దృష్టి తనంతట తానే బలిపీఠము మీదికి చేరును. రాయి ఆ ప్రాంతములోనే దొరుకు ఎర్రని ఇసుకరాయి.

అయితే కిల్పెక్ పేరు నిలిచినది ఈ సరళత్వము వలన కాదు, దాని మీద చెక్కిన శిల్పము వలన. దక్షిణ ద్వారము పైన, కమాను లోపలి అర్ధచంద్రాకారపు పలక మీద ఒక చెట్టు చెక్కబడినది. అది జీవవృక్షమని కొందరు, ద్రాక్షావల్లి అని కొందరు అందురు. రెండును మనకు వాక్యములో పరిచయమైనవే. ద్వారపు స్తంభముల మీద పెనవేసుకొన్న సర్పములు, తీగెల నడుమ చిక్కుకొన్నట్లున్న ఇద్దరు యోధులు, నోటి నుండి ఆకులు వెలువడు ఒక ముఖము, కమాను చుట్టు పక్షులు, ఘటసర్పములు. లోపల బలిపీఠపు కమానుకు రెండు ప్రక్కల ఒకరిపై ఒకరు నిలిచిన పరిశుద్ధుల బొమ్మలు. వారిలో తాళపుచెవి పట్టినవాడు పేతురు.

చూరు క్రింద, గోడ పొడవునా, ముందుకు పొడుచుకొని వచ్చిన చిన్న రాతి ముక్కలు వరుసగా ఉన్నవి. నేడు మిగిలినవి 85. ఒకదానిపై దేవుని గొఱ్ఱెపిల్ల, మరొకదానిపై ప్రక్కప్రక్కనే కుక్క, కుందేలు. వాద్యకాడు ఒకడు, పంది ఒకటి, వింత ముఖములు ఎన్నో. సంఘ పత్రికలో వర్ణించుటకు సంకోచింపవలసిన స్త్రీమూర్తి కూడ ఒకటి ఉన్నది. మన దేవస్థానముల గోపురముల మీద అటువంటివి చూచిన తెలుగు పాఠకునికి ఇందులో ఆశ్చర్యము ఉండదు.

వీటి అర్థమేమి? పండితులు అనేక వ్యాఖ్యానములు చేశారు. మా మట్టుకు ఒక విషయము స్పష్టము. ఆ శిల్పులు తమ బైబిలు కథలను, తమ ఊరి జంతువులను, తమ భయములను, తమ నవ్వును ఒకే గోడ మీద పెట్టారు. అదే శిల్ప సంప్రదాయపు పనితనము ఈర్డిస్లీ, కాజిల్ ఫ్రోమ్ గ్రామములలోని బాప్తిస్మపు తొట్ల మీద కూడ కనిపించును. దానమిచ్చిన దొర పేరు పత్రములలో ఉన్నది. చెక్కినవారిలో ఒక్కరి పేరును మనకు తెలియదు. వారి సంతకము వారి పనియే.

3. షాబ్‌డన్: కూల్చబడిన దేవాలయము

అదే జిల్లా ఉత్తర భాగములో షాబ్‌డన్ అను మరొక పల్లె ఉన్నది. 1130ల ప్రాంతమున మార్టిమర్ ప్రభువు దగ్గర వ్యవహారకర్తగా ఉన్న ఆలివర్ డి మెర్లిమండ్ అచట ఒక దేవాలయమును కట్టించెను. అతడు స్పెయిను దేశములోని సాంటియాగో పుణ్యక్షేత్రమునకు యాత్ర వెళ్లివచ్చినవాడు. ఐరోపాలోని గొప్ప రోమనెస్క్ ద్వారములు ఆ యాత్రా మార్గము వెంబడి ఉన్నవి గనుక, హెరిఫర్డ్ పల్లెలలోని ఈ శిల్పమునకు ఆ ప్రయాణముతో సంబంధమున్నదని చరిత్రకారులు తలంచుదురు. యాత్రికుల పాదములతో పాటు శిల్పపు ఆలోచనలు కూడ నడిచినవని చెప్పవచ్చు.

షాబ్‌డన్ దేవాలయము సుమారు ఆరు వందల సంవత్సరములు నిలిచినది. 1750లలో ఆ ఊరి జమీందారీ కుటుంబము దానిని పడగొట్టి, ఆనాటి అభిరుచికి తగినట్లు తెల్లని, సొగసైన, వెలుతురు గల క్రొత్త దేవాలయమును కట్టించెను. ఆ క్రొత్తది కూడ అందమైనదే. దానిని నిందించుట మా ఉద్దేశము కాదు. పాత ద్వారములను, బలిపీఠపు కమానును పూర్తిగా పారవేయక, వాటిని తీసి ఒక మెట్ట మీద, తోటలో అలంకారముగా నిలిపారు. చూచుటకు ఇంపుగానే ఉండినది. కాని చూరు లేదు, పైకప్పు లేదు. ఎర్రని ఇసుకరాయి మెత్తనిది. వాన, మంచు, గాలి రెండున్నర శతాబ్దములకు పైగా ఆ చెక్కడమును కరిగించినవి. నేడు అనేక చోట్ల బొమ్మ ఏదో గుర్తుపట్టుట కష్టము.

ఇచట ఒక వ్యక్తిని జ్ఞాపకము చేసికొనవలెను. జార్జ్ రాబర్ట్ లూయిస్ అను చిత్రకారుడు 1842లో కిల్పెక్ దేవాలయపు చిత్రములను, 1852లో షాబ్‌డన్ కమానుల చిత్రములను అచ్చు వేయించెను. తరువాత షాబ్‌డన్ శిల్పమునకు అచ్చులు తీసి లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ఉంచగా, అగ్నిప్రమాదములో అవియును పోయినవి. నేడు షాబ్‌డన్ ద్వారము మీద ఏమి ఉండెనో తెలిసికొనగోరువారు రాతి యొద్దకు పోయిన చాలదు, లూయిస్ గీసిన కాగితము యొద్దకు పోవలెను.

అయితే లూయిస్ పనిలో ఒక లోపము కూడ ఉన్నది. కిల్పెక్‌లోని ప్రతి బొమ్మలోను ఏదో ఒక గూఢ వేదాంత అర్థమును చూడవలెనని అతడు పట్టుబట్టెను. పైన చెప్పిన స్త్రీమూర్తిని హృదయము తెరచిన ఒక మూర్ఖుని బొమ్మగా గీసెను. ఉన్నది ఉన్నట్లు కాక, ఉండవలెనని తాను కోరినట్లు చూచెను. చరిత్రను భద్రపరచువారికి ఇది హెచ్చరిక: మొదట కొలత, తరువాత వ్యాఖ్యానము.

కిల్పెక్ ఎందుకు నిలిచినది? ఊరు పెరగలేదు. కోట శిథిలమైనది. పెద్ద దేవాలయము కట్టవలసిన అవసరము రాలేదు. 1840లలో మరమ్మతు అవసరమైనప్పుడు పడగొట్టక బాగుచేశారు. నేటికిని అచట ఆరాధన జరుగుచున్నది. ధనము గల పల్లె తన చరిత్రను పోగొట్టుకొన్నది. పెరగని పల్లె దానిని కాపాడుకొన్నది. ఇది ఆలోచింపదగిన విషయము.

4. బందరు తీరము, దివిసీమ

ఇప్పుడు మన నేలకు వత్తము. బందరులో 1611 నుండి ఇంగ్లీషు వర్తకులు స్థావరము పెట్టుకొన్నారు. డచ్చివారు వారికంటె ముందే వచ్చారు. అయినను తెలుగువారి మధ్య చర్చి మిషనెరీ సొసైటీ సేవ ప్రారంభమైనది 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు బందరు చేరినప్పుడే. 1843లో నోబుల్ దొర పాఠశాల తెరచెను. అవనిగడ్డ, ఉయ్యూరు ప్రాంతములలో కెనడా బాప్టిస్టు మిషను పనిచేసినది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై, కాలువల వెంబడి నీరు, పడవలు, వ్యవసాయము డెల్టా లోతట్టుకు వ్యాపించగా, ఆ కాలువల వెంబడియే సువార్త కూడ పల్లెలకు చేరినది.

డెల్టాలో కొండ లేదు, రాయి లేదు. ఉన్నది ఒండ్రు మట్టి. కావున మన ప్రాంతపు పాత కట్టడములకు ఆధారము ఇటుక, సున్నము, కలప. ఆవములో కాల్చిన ఇటుక, గానుగలో నూరిన సున్నము, తీరములో గుల్ల కాల్చి చేసిన సున్నము, దానిలో కలిపిన బెల్లపు నీరు, కరక్కాయ నీరు, టేకు దూలముల మీద సన్నని ఇటుకలు నిలువుగా పేర్చి గచ్చు చేసిన మద్రాసు టెర్రసు మిద్దె. ఇవి మన తాపీ మేస్త్రీలకు తెలిసిన విద్యలు. ఇటుక కట్టడములో ద్వారము మీద గాని, కిటికీ మీద గాని భారము మోయుటకు సులువైన మార్గము గుండ్రని కమానే. రాతి దూలము లేనిచోట ఇటుకను వంపుగా పేర్చక తప్పదు. కనుక మన పల్లె దేవాలయముల కమానును కేవలము దొరల అనుకరణ అనుట సరికాదు. అది మట్టి నేర్పిన పాఠము కూడ. మందమైన గోడ, చిన్న కిటికీ ఎండకు కూడ తగినవే.

ఈ తీరమునకు మరొక పరీక్ష ఉన్నది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు, దాని చుట్టు ప్రక్కల సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినది. ప్రభుత్వ లెక్క ప్రకారమే మృతులు పదివేలకు తక్కువ కాదు. కోడూరు, నాగాయలంక ప్రాంతములలో ఆ దినము తెలియని కుటుంబము లేదు. ఆ తరువాత ప్రభుత్వమును, కాసా వంటి క్రైస్తవ సేవాసంస్థలును తుఫాను రక్షణ భవనములు కట్టించారు. తీరములోని కట్టడమును గూర్చి ఎవరు మాట్లాడినను 1977ను మరచి మాట్లాడరాదు. పాతది గనుక ఉంచవలెను అనువారు మొదట దాని గోడ మనుష్యుల ప్రాణములను కాపాడగలదా అని అడుగవలెను.

5. దోర్నకల్ చూపిన మార్గము

స్థానికుల చేతులు, స్థానిక రూపములు దేవాలయములో ప్రవేశించుటకు మన తెలుగు సంఘములో ప్రసిద్ధమైన ఉదాహరణము దోర్నకల్. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు అచట ఎపిఫనీ మహాదేవాలయమును కట్టించారు. అది 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. గోతిక్ నమూనా సిద్ధముగా ఉన్నను దానిని ఎన్నుకొనక, మసీదులను తలపించు గుమ్మటములను, దేవస్థాన మండపమును తలపించు స్తంభములను సిలువ క్రిందికి తెచ్చారు. పూటపూట పిడికెడు బియ్యము తీసిపెట్టి కానుకగా ఇచ్చు అలవాటు గల పేద స్త్రీల సంఘములు ఆ అధ్యక్ష మండలములో ఉండినవి. అజరయ్య గారు 1945 జనవరి 1న నిద్రించి, ఆ దేవాలయపు ప్రక్కనే సమాధి చేయబడ్డారు.

కిల్పెక్‌కు, దోర్నకల్‌కు ఎనిమిది వందల సంవత్సరముల దూరము. ఒకటి గ్రామ దేవాలయము, రెండవది బిషప్పు పీఠము. అయినను రెండింటిలో ఒకే సత్యము కనిపించును. చుట్టు ఉన్న ప్రజల కన్నులకు తెలిసిన రూపములను సువార్త పరిశుద్ధపరచి వాడుకొనగలదు. కిల్పెక్ శిల్పి తన అడవి తీగెను ద్వారము మీదికి తెచ్చెను. దోర్నకల్ కట్టినవారు మండప స్తంభమును తెచ్చారు.

6. గోడ ఎవరి పత్రము?

ఇప్పుడు మా ముఖ్యమైన వాదమునకు వచ్చుచున్నాము. రాజులకు శాసనములున్నవి. జమీందార్లకు దస్తావేజులున్నవి. డెల్టా పల్లెలలో సువార్తను మొదట అంగీకరించినవారిలో అత్యధికులు మాల మాదిగ పేటల ప్రజలు. సొంత భూమి లేని వారికి పట్టా లేదు, శాసనము లేదు, వంశావళి వ్రాసిన గ్రంథము లేదు. అనేక పేటలలో మొదటి పక్కా కట్టడము దేవాలయమే. ఆ గోడలోని ఇటుక మోసినది వారి తాతలు, ముత్తవ్వలు. బాప్తిస్మపు రిజిస్టరు, గోడకు అమర్చిన శిలాఫలకము, గంట మీది సంవత్సరము, ఇవే వారి శాసనములు. ఫలకము మీద దానమిచ్చినవారి పేరు ఉండును, మోసినవారి పేరు ఉండదు. కిల్పెక్‌లో జరిగినదే ఇక్కడను జరిగినది. కనుక గోడను కూల్చుట, దాని సంగతి వ్రాసిపెట్టకుండ కూల్చుట, పేదల ఏకైక పత్రమును చింపివేయుటతో సమానము.

యెహోషువ గ్రంథము నాలుగవ అధ్యాయములో యొర్దాను నది నడిమి నుండి పండ్రెండు రాళ్లు తీసి గిల్గాలులో నిలువబెట్టిన సంగతి మనకు తెలుసు. అవి ఆరాధించుటకు కాదు, రాబోవు తరమువారి పిల్లలు వాటిని గూర్చి అడుగునట్లు నిలిపినవి. ప్రశ్న పుట్టించుటయే ఆ రాళ్ల పని. పాత గోడ లేనిచోట ఆ ప్రశ్న కూడ పుట్టదు.

పడగొట్టువారి వాదమును కూడ న్యాయముగా వినవలెను. సంఘము పెరిగినది, చోటు చాలదు. రోడ్డు ఎత్తు పెరిగి దేవాలయపు నేల పల్లములో పడినది, వానకు నీరు నిలుచుచున్నది. దూలములకు చెద పట్టినది. గానుగ సున్నము పని తెలిసిన మేస్త్రీలు దొరకుట లేదు. ఇవన్నియు నిజమైన కష్టములే. కొన్ని కట్టడములు ప్రమాదకరమైనవి, వాటిని తీసివేయక తప్పదు. కాని కొన్ని కష్టములు మనము తెచ్చిపెట్టినవి. సున్నపు గోడ లోపలి తేమను బయటకు విడుచును. దానిపై సిమెంటు పూత పూసినచో ఆ తేమ లోపలనే నిలిచి, ఉప్పుగాలి తీరములో ఇటుక పొడిపొడిగా రాలును. అప్పుడు గోడ పాతబడినది అందుము. మందు సరికాక రోగము ముదిరిన సంగతి గమనింపము.

7. సూచనలు

పైన చూచిన చరిత్రను ఆధారము చేసికొని సంఘ కమిటీలకును, వేదాంత విద్యార్థులకును కొన్ని సూచనలు చేయుచున్నాము.

మొదటిది, పడగొట్టు తీర్మానము చేయు దినమునకు, గునపము పడు దినమునకు మధ్య కొంత కాలము ఉండనిండు. ఆ కాలములో పొడవు, వెడల్పు, గోడ మందము, కమాను ఎత్తు, ఇటుక కొలత వ్రాసికొనవలెను. నాలుగు దిక్కుల నుండి, లోపల నుండి ఛాయాచిత్రములు తీయవలెను. ఇందుకు టేపు, కాగితము, ఒక దినము చాలును.

రెండవది, శిలాఫలకములలోని అక్షరములను తప్పులతో సహా ఉన్నది ఉన్నట్లు వ్రాసికొని, ఆ ఫలకములను క్రొత్త మందిరపు గోడలో చూరు క్రింద అమర్చవలెను. షాబ్‌డన్ కమానుల వలె ఎండవానల పాలు చేయరాదు.

మూడవది, ఎనుబది సంవత్సరములు దాటిన పెద్దలను కూర్చుండబెట్టి, ఇటుక ఎక్కడ కాల్చారు, కలప ఏ పడవ మీద వచ్చినది, మేస్త్రీ ఎవరు, కూలి ఎవరు అని అడిగి వ్రాయవలెను. ఫలకము మీద లేని పేర్లు వారి నోట మాత్రమే ఉన్నవి.

నాలుగవది, బి.డి. విద్యార్థులు సెలవులలో తమ సొంత గ్రామ దేవాలయమును గూర్చి ఒక చిన్న నివేదిక వ్రాయుట కళాశాలలు పాఠ్యక్రమములో భాగము చేయవలెను. అవి నాలుగైదు సంవత్సరములలో ఒక అల్మరా నిండును. డెల్టా సంఘముల చరిత్ర వ్రాయబోవువానికి ఆ అల్మరాయే ఆధారమగును.

ఐదవది, నిలుపదగిన కట్టడమును నిలిపి, ప్రక్కన విశాలమైన మందిరము కట్టగలిగితే అది అన్నిటికంటె మేలు. పాతది ఆదివార పాఠశాలకో, ప్రార్థన గదికో ఉపయోగపడును. ఆరాధన జరుగు గోడను ఎవరో ఒకరు కనిపెట్టుచునే ఉందురు. మూసివేసిన గోడను చెద, రావిమొక్క కనిపెట్టును.

ముగింపు

కిల్పెక్ శిల్పులకు తమ పని తొమ్మిది శతాబ్దముల తరువాత చదువబడునని తెలియదు. షాబ్‌డన్‌ను కూల్చినవారికి తాము నష్టము చేయుచున్నామని తెలియదు. వారు మంచి దేవాలయము కట్టుచున్నామనే తలంచారు. మనకు ఆ ఇద్దరి కథయు తెలుసు గనుక మన బాధ్యత వారికంటె ఎక్కువ. ఉప్పెన తీసికొనిపోయినదానిని మనము ఆపలేకపోతిమి. మన చేతులతో తీసివేయుదానిని గూర్చి మాత్రము, తీయుటకు ముందు ఒక కాగితము మీద వ్రాసిపెట్టగలము. దివిసీమలో సంఘ కాపరులు, పెద్దలు ఈ సంవత్సరమే ఆ పని ప్రారంభింతురని మా నిరీక్షణ.